సాగర్‌కు తొడిగిన కోటు

మొఘల్‌పురా,
9 జూలై 2024

శ్రవణ్,

నా నెంబరు నువ్వు బ్లాక్ చేసి ఏడు నెలలయింది. మంచిదే. ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు కట్ చేస్తావు. కాగితాన్ని కట్ చెయ్యలేవు, చింపాలి. చింపాలన్నా ముందు చేతిలోకి తీసుకోవాలి. నిన్న కవరు కొందామని పోస్టాఫీసుకు పోతే లైనులో ఒక ముసలాయన అడిగాడు: "ఏం టీచరమ్మా, నోటీసు పంపుతున్నవా?" తమ్మునికి ఉత్తరమన్నాను. "రెండూ ఒకటే," అన్నాడు.

విషయానికి వస్తాను. నాన్న రేకు సందూక నీ దగ్గరుంది. అందులో కిషన్‌బాగ్ లీలమ్మ కొడుకు సాగర్ ఫొటో ఉండాలి. అది నాకు వెంటనే కావాలి.

నువ్వు మరిచిపోయి ఉంటావు, గుర్తు చేస్తాను. 2008 ఎండాకాలం. సాగర్‌కు ఇరవై రెండేళ్లు. మ్యాన్‌హోల్లోకి దిగి ఊపిరాడక చచ్చిపోయాడు. కాంట్రాక్టరు మనుషులు శవాన్ని ఆటోలో తెచ్చి ఇంటి ముందు దించి, "పోలీసులకు చెప్తే కోస్తరు, పొద్దుగూకకముందే మట్టి చెయ్యిన్రి" అని బెదిరించి పోయారు. పోస్టుమార్టం లేదు, కేసు లేదు. బతికున్నప్పుడు ఆ పిల్లవాడు ఒక్క ఫొటో కూడా దిగలేదు. అందుకని మన బస్తీల్లో అందరూ చేసినట్టే ముఖం కడిగి, కుర్చీలో కూర్చోబెట్టి, స్టూడియో అతన్ని పిలిపించి తీయించారు. ఆ ఫొటో నాన్న దగ్గరికి వచ్చింది. నాన్న తన పని తాను చేశాడు, ఫొటోను ఎన్‌లార్జ్‌మెంటు చేయించి, దాన్ని చూసి పెద్ద బొమ్మ గీశాడు. మూసుకున్న కళ్లు తెరిపించాడు. ఇంటివాళ్ల కోరిక మీద కోటు తొడిగాడు, టై కట్టాడు. ఆ బొమ్మ ఇప్పటికీ లీలమ్మ గోడ మీదే ఉంది. అసలు ఫొటో మాత్రం సందూకలో ఉండిపోయింది.

పాత మ్యాన్‌హోల్ చావులన్నిటి మీదా విచారణ జరపాలని మా సంఘం ఆరేళ్లు రోడ్ల మీద కూర్చుంది. ఇప్పుడు విచారణ కదిలింది. కాంట్రాక్టరు ఏమంటున్నాడో విను: సాగర్ అనేవాడు వాళ్ల దగ్గర పనే చెయ్యలేదట, తాగి పడ్డాడట. లీలమ్మకు కావలసింది ఒక్కటే. తన కొడుకు తాగుబోతు కాదు, పనిలో చచ్చాడు అని ఆఫీసు కాగితం మీద రాసి ఉండాలి.

ఆదివారం పేపర్లో నీ ఫొటో చూశాను. 'మట్టిమనుషుల చిత్రకారుడు' అట. ఆ మట్టిమనుషుల్లో ఒకడు వాడి ఫొటో వాడికి ఇమ్మంటున్నాడు. పంపు.

సుశీల


బరోడా,
20 జూలై

అక్కా,

కవరు మీద నీ అక్షరాలు చూసి ఒక రోజంతా బల్ల మీదే పెట్టేశాను. ఇంకా క్లాసులో బోర్డు మీద రాసినట్టే రాస్తున్నావు, చివరి బెంచీకి కూడా కనబడాలని.

సందూక నేను ఎత్తుకుపోలేదు. నాన్న పోయాక అమ్మే ఇచ్చింది. "ఈ పీనుగుల ఫొటోలు ఇంట్ల వద్దు బిడ్డా, నువ్వన్న కొంచవో" అన్నప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. అప్పుడు ఒక్క మాట అనలేదు. అవి నా బొమ్మల్లోకి వచ్చాక మాత్రం 'శవాల మీద రంగులు' అని పత్రికలో అర పేజీ వ్యాసం రాశావు. తమ్ముడి పేరు రాయకుండా మర్యాద పాటించావు. కానీ మొఘల్‌పురాలో పుట్టి బరోడాలో బొమ్మలు వేసేవాడు ఎంతమంది ఉంటారు? నెంబరు బ్లాక్ చేసింది అందుకే.

ఇరవై ఐదేళ్లుగా నేను మనుషుల్నే గీస్తున్నాను. కాలేజీలో అందరూ రంగులు చల్లుతుంటే, గీతలు గీస్తుంటే, మనిషి బొమ్మ వేసినందుకు నన్ను 'ఎన్‌లార్జ్‌మెంటు ఎల్లయ్య కొడుకు' అని పిలిచేవారు. నా మొదటి ప్రదర్శనకు ఎనిమిది మంది వచ్చారు. అందులో ఇద్దరు వాన పడుతోందని లోపలికొచ్చినవాళ్లు. ఏడేళ్లు ఒక్క బొమ్మ అమ్ముడుపోలేదు, సినిమా సెట్లకు దేవుళ్లను వేసి బతికాను. ఇవాళ నా మనుషుల్ని జనం నిలబడి చూస్తున్నారంటే నువ్వు సంతోషపడాల్సింది పోయి లెక్క అడుగుతున్నావు.

లీలమ్మకు కొడుకు గుర్తు కావాలంటే నాన్న వేసిన బొమ్మ ఉందిగా? కళ్లు మూసుకున్న శవం ఫొటో ఆ తల్లికి చూపించి ఏం చేస్తావు? కావాలంటే నేనే కొత్తగా వేసి పంపుతాను. ఫొటో ఎక్కడో ఉంటుంది, వెతుకుతాను. ఈలోపు నా ప్రదర్శన పుస్తకం పంపుతున్నాను. నలభయ్యో పేజీలో ఉన్నది సాగరే. ఎంత గౌరవంగా వేశానో చూసి అప్పుడు తిట్టు.

శ్రవణ్


మొఘల్‌పురా,
29 జూలై

తమ్ముడూ,

తప్పు నాదే. ఫొటో ఎందుకో రాయలేదు. నా బుర్రలో ఉన్నదంతా ఎదుటివాడికి తెలుసనుకోవడం నాకు అలవాటైపోయింది.

జాకెట్, శ్రవణ్! చచ్చినప్పుడు సాగర్ ఒంటి మీద కాంట్రాక్టరు ఇచ్చిన నారింజ జాకెట్ ఉంది. ఒళ్లు బిగుసుకుపోయి అది రాలేదు, అలాగే కూర్చోబెట్టి ఫొటో తీశారు. వాళ్ల కంపెనీ పేరు, కింద పదిహేడు నెంబరు. ఇప్పుడు మా దగ్గరున్నది నాన్న బొమ్మ ఒక్కటే. మొదటి విచారణలో దాన్ని చూపిస్తే కాంట్రాక్టరు వకీలు నవ్వాడు. "సార్, ఈయనెవరో బ్యాంకు మేనేజర్ లెక్క ఉన్నడు. ఈయన మ్యాన్‌హోల్ల ఎందుకు దిగుతడు?" లీలమ్మ కూడా అతనితోపాటు కొంచెం నవ్వింది, ఏమనాలో తెలియక.

నీ పుస్తకం ఆమెకు చూపించాను. నలభయ్యో పేజీ తీయగానే లేచి నిలబడింది. "గిదే! గిదే జాకెట్! పదిహేడు నంబరు! ముక్కు ఎవలిదో గానీ జాకెట్ మా పోరనిదే." నువ్వు గౌరవంగా వేసిన ముఖాన్ని తల్లి గుర్తుపట్టలేదు. అది కూడా నీకు తెలియాలి.

అంటే ఫొటో నీ దగ్గర భద్రంగా ఉంది. అందులో జాకెట్ స్పష్టంగా ఉంది. అయినా 'ఎక్కడో ఉంటుంది' అని రాశావు. ఎందుకు? అసలు ఫొటో బయటికొస్తే నీ బొమ్మ దానికి నకలని తెలిసిపోతుందనా? నీ మీద నాకున్న అనుమానాలన్నీ పేద్ద మనసుతో పక్కన పెడతాను, ఫొటో పంపు. ఆగస్టు ఇరవయ్యిన విచారణ.

అక్క


బరోడా,
8 ఆగస్టు

అక్కా,

దాచలేదు. చెప్పడానికి ధైర్యం లేక వెతుకుతానన్నాను.

నా పద్ధతి నీకు తెలియదు. నా వ్యాసాలు నువ్వు చదవవు, నీవి నేను చదువుతాను. నేను ఫొటో చూసి గీయను. ఫొటోనే కాన్వాసు మీద అంటిస్తాను. నాన్న ఎప్పుడూ అడుగు పైన ఉండే పెద్ద ప్రింటు తీయించేవాడు కదా, దాన్ని మధ్యలో అంటించి, చుట్టూ కాన్వాసు మీద ఆ మనిషికి కాళ్లు, కుర్చీ, గోడ, బస్తీ కడతాను. ఆ తరువాత ఫొటో మీద కూడా రంగు వేస్తాను. అసలు కాగితం కింద ఉందని తెలిస్తేనే నా చెయ్యి కదులుతుంది. కాపీ తీసి అంటించి చూశాను, బొమ్మ రాలేదు. సందూకలోవి పదకొండు ఫొటోలు పదకొండు బొమ్మలయ్యాయి. కాపీలు దాచుకోలేదు. దాచుకుని ఉండాల్సింది.

సాగర్ ఇప్పుడు సూరత్‌లో మనీష్ అనే వజ్రాల వ్యాపారి ఇంట్లో, భోజనాల గదిలో ఉన్నాడు. మంచివాడే, బొమ్మల గురించి తెలిసినవాడు.

ఫొటోలో జాకెట్ ఉందని, నెంబరు పదిహేడని, నా కళ్లతో చూశానని ప్రమాణపత్రం రాశాను. దీనితో పంపుతున్నాను. ఇక్కడి నోటరీ సంతకం కూడా ఉంది. అంతకన్నా ఇప్పుడు చేతిలో ఏమీ లేదు.

అంటించిన సంగతి లీలమ్మకు చెప్పకు.

శ్రవణ్


మొఘల్‌పురా,
22 ఆగస్టు

మట్టిమనుషుల చిత్రకారుడికి,

చెప్పకు అన్నావు. చెప్పాను. ఆమె కొడుకు ఎక్కడున్నాడో ఆమెకు తెలియకూడదా? చాలాసేపు అర్థం కాలేదు. "అంటించిండా? మీద రంగేసిండా?" అని రెండుసార్లు అడిగింది. "మల్ల లోపలికి దింపిండన్నట్టు" అని, చాయ్ పెట్టడానికి లేచింది.

ఇక విచారణ సంగతి. నీ ప్రమాణపత్రం ఇచ్చాను. దానికి బలంగా ఉంటుందని నీ ప్రదర్శన పుస్తకం కూడా ఇచ్చాను. చూడండి, చిత్రకారుడు ఫొటోలో ఉన్నది ఉన్నట్టు వేశాడు అని నిలబడి వాదించాను. మంచిగనే వాదించాను. వకీలు పుస్తకం తిరగేశాడు. బొమ్మ దగ్గర ఆగలేదు. చివర నీ ఇంటర్వ్యూ ఉందట, ఇంగ్లీషులో. నేను ఆ పేజీలదాకా పోలేదు. అతను అధికారికి తెలుగు చేసి చదివి వినిపించాడు: "ఫొటోలో ఆ మనిషి ఒంటి మీద చిరిగిన చొక్కా తప్ప ఏమీ లేదు. ఆ నారింజ రంగు, ఆ అంకె పూర్తిగా నా ఊహ. నేను నకళ్లు చెయ్యను."

అధికారి కళ్లద్దాలు తీసి నన్ను అడిగాడు: "అమ్మా, మీ తమ్ముడు ఇందులో అబద్ధం చెప్పిండా, అందులో అబద్ధం చెప్పిండా?"

ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినదాన్ని, పుస్తకం లాక్కుని ఆ వాక్యం మీద వేలు పెట్టి మళ్లీ చదివాను.

ఏమనుకుని అన్నావురా ఆ మాట? సాగర్ జాకెట్ నీ ఊహా? కాంట్రాక్టరు ఆ జాకెట్ ఇచ్చాడు, మాస్కు ఇవ్వలేదు, తాడు ఇవ్వలేదు. ఒక్క జాకెట్ ఇచ్చాడు. పదహారేళ్ల తరువాత దాన్నీ నువ్వు గుంజుకున్నావు, నీ ప్రతిభ ఖాతాలో వేసుకున్నావు. కాంట్రాక్టరు పనివాడు లేడన్నాడు, నువ్వు జాకెట్ లేదన్నావు. ఆ గదిలో నువ్వు లేకపోయినా వాళ్ల వైపు కుర్చీలో కూర్చున్నది నువ్వే. బొమ్మల్లో పేదవాళ్లకు చోటిచ్చామని మురిసిపోయే పెద్దమనుషులందరి మీదా ఇన్నాళ్లు రాశాను. ఎంత మెత్తగా రాశానో ఇప్పుడు తెలుస్తోంది.

వచ్చే నెల ఇరవై ఏడున మళ్లీ విచారణ. ఫొటో ఉంటే తెమ్మన్నారు, లేకపోతే ముగిస్తామన్నారు.

నాకు జవాబు రాయకు. ఏదన్నా చెయ్యి.


బరోడా,
16 సెప్టెంబరు

అక్కా,

రాయకు అన్నా రాస్తున్నాను. ఈ పార్సిల్‌తో ఉత్తరం లేకపోతే నీకేమీ అర్థం కాదు.

ఆ ఇంటర్వ్యూ చేసింది ప్రీతి అని చిన్న అమ్మాయి, తెలివైనది. "మీ నాన్నగారు ఫొటోలు చూసి గీసేవారట కదా, మీరూ అంతేనా?" అని అడిగింది. ఆ 'అంతేనా' దగ్గర నాకు, ఎల్లయ్య కొడుకని నవ్విన కాలేజీ వరండా కనబడింది. నోటికొచ్చింది అనేశాను. అచ్చులో చూసినప్పుడు బాగుందనుకున్నాను కూడా.

మనీష్ గారికి రంగు లేస్తోందని, బాగు చేస్తానని చెప్పి బొమ్మ తెప్పించాను. ఆయనే బండిలో వేసి, దుప్పటి చుట్టి పంపించాడు. దూది, రంగు కరిగించే మందు, సన్న బ్లేడు పెట్టుకుని తొమ్మిది రోజులు కూర్చున్నాను. వేసిన రంగు తియ్యడం వెయ్యడం కన్నా కష్టం.

ఛాతీ దగ్గర మొదలుపెట్టాను. నా నారింజ కింద ఇంకో నారింజ కనబడింది, పాలిపోయి, బురద మరకలతో. తరువాత అంకె. తరువాత కంపెనీ పేరు, ఒక్క అక్షరం పోలేదు. కుర్చీలోంచి లేచి గదిలో గంతులేశాను, పిచ్చివాడిలా. నీకు ఫోన్ చేద్దామని అన్‌బ్లాక్ కూడా చేశాను. ముఖం కూడా తీశాక చేద్దామని ఆగాను.

ముఖం లేదక్కా.

జాకెట్ మీద నేను రెండు గంటలు కూడా పని చెయ్యలేదు. ఫొటోలో రంగు బాగుందని పైన పలుచగా పూసి వదిలేశాను. ముఖాన్ని మాత్రం నాలుగు నెలలు వేశాను. నచ్చక గీకాను, మళ్లీ వేశాను, మళ్లీ గీకాను, పద్నాలుగుసార్లు. ఆ గీకుళ్లలోనే కింద కాగితం ఎప్పుడో లేచిపోయింది. రంగు తుడిచేసరికి మెడ పైన కాన్వాసు దారాలు కనబడ్డాయి. ఎక్కడ ప్రాణం పెట్టానో అక్కడ అతను లేడు.

మిగిలింది కత్తిరించి అట్టకు బిగించి పంపుతున్నాను. మనీష్ గారికి నిజం చెప్పాను. ఆయన వకీలు నోటీసు వచ్చింది. గ్యాలరీ వాళ్లు వెబ్‌సైటులోంచి నా పేరు తీసేశారు. డిసెంబరు ప్రదర్శన లేదు. ఇక నాచేత ఎవరూ బొమ్మ వేయించుకోరు. ఇది జాలి కోసం రాయడం లేదు, లెక్క అడిగావు కాబట్టి.

ఒక దారి ఉంది. లీలమ్మ గోడ మీద నాన్న బొమ్మ ఉంది కదా. అది ముందు పెట్టుకుని, ఈ ఫొటోలో ముఖం మళ్లీ వేస్తాను. కళ్లు మూసుకున్నట్టే, ఫొటో కాగితం మీదే, ఫొటో రంగులోనే. ఎవడూ కనిపెట్టలేడు. నా అంత బాగా ఈ పని చెయ్యగలిగినవాడు దేశంలో ఇంకొకడు లేడు. రెండు రోజుల పని. ఇరవై ఏడో తారీఖుకు కుదరకపోతే గడువు అడుగు. నువ్వు ఊ అంటే అదే రోజు రైలెక్కుతాను.

నీ తమ్ముడు


మొఘల్‌పురా,
3 అక్టోబరు

శ్రవణ్,

ఫొటో అందింది. నువ్వు ఏం పోగొట్టుకున్నావో చదివాను. కోపం పోలేదు కానీ ఇదివరకటి లాంటి కోపం కాదు.

ఇరవై ఏడున దాన్ని ఉన్నది ఉన్నట్టే ఇచ్చాను, పక్కన నాన్న బొమ్మ పెట్టి. వకీలు చూశాడు. "జాకెట్ మాదే సార్, ఒప్పుకుంటున్నం. ఇందుల మనిషి ఎవలు?" అన్నాడు. లీలమ్మ లేచి ఫొటో మీద వేలు పెట్టింది, నా కొడుకు అంది. "ముఖం లేదు గదమ్మా," అన్నాడు. ఆమె అతని వైపు తిరిగింది. "ముఖం మీరెప్పుడు చూసిన్రు సార్? లోపలికి దింపేటప్పుడు చూసిన్రా?"

గదిలో అందరూ తల దించుకున్నారు. తల దించుకోవడం వల్ల తీర్పులు మారవు. జాకెట్ ఒక ఫొటోలో, ముఖం ఒక బొమ్మలో ఉంటే రెండూ ఒకే మనిషివని తాను రాయలేనన్నాడు అధికారి. మంచివాడిలాగే ఉన్నాడు. అక్టోబరు పది దాకా గడువిచ్చాడు, స్పష్టమైన ఫొటో ఇంకేదైనా ఉంటే తెమ్మని.

నువ్వు చెప్పిన దారి అప్పుడు ఆలోచించాను. ఛీ అంటానని నువ్వు అనుకుని ఉంటావు. అనలేదు. వాళ్ల దగ్గర ఎన్ని దొంగ హాజరు పట్టీలు, ఎన్ని దొంగ సంతకాలు! మనం ఒక్క ముఖం, అదీ నిజమైన ముఖం, దాని చోట దాన్ని పెడితే తప్పా? రెండు రోజులు నాతో నేను వాదించుకున్నాను. గెలిచాను కూడా. నేను ఏ వైపు వాదించినా గెలుస్తాను, అదే నా రోగం. గెలిచి, నిన్న కిషన్‌బాగ్ పోయాను.

లీలమ్మ బియ్యం ఏరుతోంది. అంతా చెప్పాను. శ్రవణ్ వస్తాడు, రెండు రోజులు కూర్చుంటాడు, కేసు గెలుస్తాం, కాగితం మీద సాగర్ పేరు వస్తుంది. ఆమె చాట పక్కన పెట్టి విన్నది. తరువాత మెల్లగా అన్నది: "గా దినం కోటు ఎయ్యమన్నది నువ్వే గద టీచరమ్మా."

నీకు రాశాను, ఇంటివాళ్ల కోరిక మీద అని. పదహారేళ్లుగా అందరికీ అదే చెబుతున్నాను. వాళ్లు జాకెట్‌తోనే వెయ్యమన్నారు శ్రవణ్. పిల్లవాడు దాన్ని మొదటి రోజు తొడుక్కుని బస్తీ అంతా తిరిగి చూపించాడట. నేనే నాన్నతో కొట్లాడాను. పేదవాడికి చచ్చాక కూడా మురికి బట్టలేనా, కోటు ఎందుకు ఉండకూడదు, అది అతని హక్కు అని. నాన్న నా నోటికి భయపడ్డాడు. లీలమ్మ నా చదువుకు భయపడింది.

"ఎల్లయ్య సారు మంచోడే, గీసిండు. నువ్వు మంచిదానివే, కోటు ఏపిచ్చినవ్. నీ తమ్ముడు గూడ మంచిగనే అనుకొని రంగేసిండు," అన్నది. ఎక్కడా గొంతు పెంచలేదు. "నేను గెలవకున్న మంచిదే. ఇంక నా కొడుకు మీద ఎవ్వలూ చెయ్యి పెట్టొద్దు."

నేను ఇంకో మాట మొదలుపెట్టాను. ఆమె మళ్లీ చాట తీసుకుంది.

రైలెక్కకు. పదో తారీఖున మేము ఏమీ ఇవ్వడం లేదు.

సుశీల